బొగ్గు ఎగుమతి టెర్మినల్ డిజైన్: నెల్లూరు తీరం నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాలిటెక్నిక్, బీటెక్ చదివే పిల్లలు, ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, రేవు పనుల్లో ఉన్న కాంట్రాక్టర్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలు ఇవి. విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను. లెక్కలన్నీ ఉదాహరణకు వేసినవి. పద్ధతి అర్థమైతే అంకెలు మార్చుకుని మీరే వేసుకోవచ్చు.

కృష్ణపట్నానికి వచ్చేది దిగుమతి బొగ్గు కదా, ఎగుమతి టెర్మినల్ గురించి మనకెందుకు?

నిజమే, మనది బొగ్గు దించుకునే తీరం. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లాంటివి తీరం పక్కనే వెలిసింది అందుకే. దేశం మొత్తం మీద చూసినా మనం బయటికి పంపే బొగ్గు చాలా తక్కువ. అదీ ఎక్కువగా నేపాల్, బంగ్లాదేశ్‌లకే.

కానీ ఓడలోకి బొగ్గు ఎక్కించే పని మన దేశంలో రోజూ జరుగుతూనే ఉంది. ఒడిశా గనుల బొగ్గు పారాదీప్‌లో ఓడ ఎక్కి ఎన్నూరు, తూత్తుకుడి విద్యుత్ కేంద్రాలకు మన తీరం ముందు నుంచే వెళ్తుంది. అక్కడ కావాల్సిన యంత్రాలు, లెక్కలు ఎగుమతి టెర్మినల్‌వే. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం రేవు కూడా తొలి రోజుల్లో చైనాకు ఇనుప ఖనిజం ఎక్కించింది. 2019లో పూర్తయిన వెంకటాచలం–ఓబులవారిపల్లె రైలు మార్గం, వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగంతో సహా, రేవుకు సరుకు తేవడానికి వేసిందే. రేపు ఆ దారిన ముగ్గురాయి వచ్చినా, ఇంకో ఖనిజం వచ్చినా, ఎక్కించే టెర్మినల్ ఎలా కట్టాలన్న ప్రశ్న ఇదే.

దించే టెర్మినల్‌ను వెనక్కి తిప్పితే ఎక్కించే టెర్మినల్ అయిపోదా?

కాదు. దించేటప్పుడు గ్రాబ్ క్రేను ఓడ గదిలోంచి పట్టు పట్టుగా తోడుతుంది. గది ఖాళీ అయ్యేకొద్దీ వేగం పడిపోతుంది, చివర్లో బుల్‌డోజర్ లోపలికి దించి మూలలు ఊడ్వాలి. ఎక్కించేటప్పుడు షిప్‌లోడర్ (ఓడలోకి సరుకు పోసే యంత్రం) ఆగకుండా ధారగా పోస్తుంది, కాబట్టి గంటకు పోసే టన్నులు చాలా ఎక్కువ. ఆ ధార తెగకూడదు. దాని వెనకాల ఉన్న ప్రతి బెల్టూ, యార్డు రాశి నుంచి బొగ్గు తీసే ప్రతి రీక్లెయిమరూ ఓడ అడిగిన వేగాన్ని అందుకోవాలి. దిగుమతిలో యార్డు నిదానంగా ఉన్నా ఎలాగో సర్దుకుంటుంది. ఎగుమతిలో యార్డు నిదానిస్తే ఓడ బెర్తు (రేవులో ఓడ ఆగే చోటు) మీద ఊరికే నిలబడుతుంది, డెమరేజి (ఓడను ఆలస్యం చేసినందుకు కట్టే రుసుము) గడియారం తిరుగుతూ ఉంటుంది.

బొగ్గు రైలు దిగి ఓడ ఎక్కేదాకా ఏ దారిన వెళ్తుంది?

వ్యాగన్ టిప్లర్ పెట్టెను బోర్లించి కింద హాపర్‌లో పోస్తుంది. ఫీడర్ దాన్ని బెల్టు మీదికి వదులుతుంది. దారిలో అయస్కాంతం ఇనుప ముక్కల్ని లాగేస్తుంది, శాంప్లర్ నాణ్యత కోసం నమూనా తీస్తుంది. స్టాకర్ యార్డులో రాశి పోస్తుంది. ఓడ వచ్చాక బకెట్ వీల్ రీక్లెయిమర్ రాశిని కోసి బెల్టు మీద వేస్తుంది. అక్కడి నుంచి సర్జ్ బిన్ (బొగ్గును కాసేపు పట్టి ఉంచే తొట్టి), జెట్టీ కన్వేయర్, షిప్‌లోడర్, ఓడ గది. బెల్టు మారే ప్రతిచోటా ఒక జంక్షన్ టవర్ ఉంటుంది.

గంటకు 4,000 టన్నులు పోసే షిప్‌లోడర్ పెడితే ఏడాదికి మూడున్నర కోట్ల టన్నులు పోతాయా?

అందరికంటే ఎక్కువగా పొరపడేది ఇక్కడే, అందుకని నిదానంగా చెబుతాను.

ఏడాదికి 8,760 గంటలు. 4,000తో గుణిస్తే 3.5 కోట్ల టన్నులు వస్తుంది. కాగితం మీద చాలా బాగుంటుంది. ఇప్పుడు 75,000 టన్నులు మోసే పనామాక్స్ ఓడను తీసుకోండి. ఒక గది నుంచి ఇంకో గదికి లోడర్ జరగాలి, మధ్యలో డ్రాఫ్టు (ఓడ నీళ్లలోకి దిగిన లోతు) చూసుకోవాలి, రీక్లెయిమర్ రాశి అంచుకు వచ్చినప్పుడు ధార సన్నబడుతుంది. ఇవన్నీ కలిస్తే సగటు వేగం 70 శాతం, అంటే గంటకు 2,800 టన్నులు అనుకుందాం. ఓడ నిండడానికి సుమారు 27 గంటలు. బెర్తుకు చేర్చి తాళ్లు కట్టడానికి, కాగితాలకు, చివరి డ్రాఫ్టు సర్వేకు, మళ్లీ విడిపించడానికి ఇంకో 6 గంటలు. మొత్తం 33.

ఇక బెర్తు ఏడాది పొడవునా నిండుగా ఉండకూడదు. ఓడలు బస్సుల్లా టైముకు రావు, గుంపుగా వస్తాయి. బెర్తు 90 శాతం బిజీగా ఉంటే బయట లంగరు వేసిన ఓడల వరస విపరీతంగా పెరుగుతుంది. ఒకే బెర్తు ఉన్నచోట 65 శాతం అనుకోవడమే ఎక్కువ. 8,760లో 65 శాతం అంటే 5,694 గంటలు. దాన్ని 33తో భాగిస్తే 172 ఓడలు. ఒక్కొక్కటి 75,000 చొప్పున దాదాపు 1.3 కోట్ల టన్నులు.

మూడున్నర ఎక్కడ, ఒకటిన్నర కూడా లేనిది ఎక్కడ! యంత్రం మీద రాసిన వేగం కంటే అది ఆగే గంటలే టెర్మినల్ సామర్థ్యాన్ని నిర్ణయిస్తాయి. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వేగం పెంచడానికి ఖర్చుపెట్టే ముందు ఏ గంట ఎందుకు పోతోందో రాసి పెట్టుకోవడం ఇంజనీరు మొదటి పని.

ఆస్ట్రేలియాలో డాల్రింపుల్ బే ఏడాదికి 8.5 కోట్ల టన్నుల స్థాయికి, దక్షిణాఫ్రికాలో 1976లో మొదలైన రిచర్డ్స్ బే 9.1 కోట్ల టన్నుల స్థాయికి చేరాయంటే ఒక్క పెద్ద యంత్రం పెట్టి కాదు. అనేక బెర్తులు, లోడర్లు, ఒకదానికి అడ్డం లేకుండా నడిచే సమాంతర బెల్టు వరసలు ఉన్నాయి కాబట్టి.

రైలు వైపు ఎంత ఏర్పాటు కావాలి?

పై లెక్కే కొనసాగిద్దాం. 1.3 కోట్ల టన్నుల్ని రేకుకు (ఒక పూర్తి గూడ్సు రైలుకు) 4,000 టన్నుల చొప్పున తెస్తే ఏడాదికి 3,250 రేకులు, రోజుకు సుమారు 9. పైన తెరిచి ఉండే మన బాక్స్‌ఎన్ వ్యాగన్లను కలిపే కప్లింగు తిరిగేది కాదు, కాబట్టి ఒక్కో పెట్టెను విడదీసి టిప్లర్ మీదికి నెట్టాలి. గంటకు 20 పెట్టెలు బోర్లిస్తే 58 పెట్టెల రేకుకు మూడు గంటలు, రాకపోకలు కలిపితే నాలుగు. తొమ్మిది రేకులకు 36 టిప్లర్ గంటలు. అంటే ఒక టిప్లర్ చాలదు, రెండు కావాలి. రెండూ ఉన్నా మరమ్మతులకు ఎక్కువ వెసులుబాటు మిగలదు. అడుగు తలుపులున్న బాబ్‌ఆర్‌ఎన్ వ్యాగన్లయితే ట్రాక్ హాపర్ మీద చాలా త్వరగా ఖాళీ అవుతాయి. ఏ వ్యాగన్లు వస్తాయో రైల్వేతో తేల్చుకోకుండా సివిల్ డ్రాయింగు మొదలుపెట్టవద్దు. హాపర్ గొయ్యి ఒకసారి తవ్వాక మార్చడం కుదిరే పని కాదు.

స్టాక్‌యార్డు ఎంత పెద్దది ఉండాలి?

సాధారణంగా ఏడాది సరుకులో ఎనిమిది, పది శాతం నిలవ ఉండేలా చూస్తారు. అయితే శాతం కంటే రకాల సంఖ్య ముఖ్యం. ముగ్గురు యజమానుల బొగ్గు, ఒక్కొక్కరిదీ రెండు నాణ్యతలు అంటే ఆరు రాశులు. మధ్యలో ఖాళీలు వదలాలి, కలవకూడదు.

కళ్లంలో వడ్లు పోస్తే ఒక వాలులో నిలబడినట్టే బొగ్గు కూడా సుమారు 37 డిగ్రీల వాలులో నిలుస్తుంది. అడుగు వెడల్పు 50 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు అనుకుంటే పైన 18 మీటర్ల వెడల్పు మిగులుతుంది. అడ్డుకోత వైశాల్యం 408 చదరపు మీటర్లు. ఘనపు మీటరుకు 0.9 టన్ను చొప్పున మీటరు పొడవుకు 367 టన్నులు. కిలోమీటరు పొడవు రాశిలో 3.67 లక్షల టన్నులు. అలాంటివి మూడుంటే మన ఉదాహరణకు సరిపోతుంది.

తీరం నేల అంత బరువు మోస్తుందా?

12 మీటర్ల రాశి కింద చదరపు మీటరుకు దాదాపు 11 టన్నుల బరువు పడుతుంది. కండలేరు క్రీకు చుట్టుపక్కల లాంటి చోట్ల పైన ఇసుక కనిపించినా కింద మెత్తటి సముద్రపు బంకమట్టి ఉండొచ్చు. రాశి కింద నేల కుంగినా పెద్ద నష్టం లేదు. పక్కనే ఉన్న స్టాకర్ పట్టాలు కుంగితేనే ప్రమాదం, ఎందుకంటే రాశి బరువుకు బంకమట్టి పక్కకు జరిగి పట్టాల పునాదిని తోస్తుంది. అందుకే నిలువు డ్రెయిన్లు దింపి ముందే మట్టి బరువు పెట్టి నీరు పిండటం, రాతి స్తంభాలు వేయడం చేస్తారు. దీనికి నెలలు పడుతుంది. షెడ్యూలు ఆలస్యమైందని ఆ నెలల్ని కుదించమని ఒత్తిడి చేయడం నాకు తెలిసిన తప్పుల్లో చాలా ఖరీదైనది.

బెల్టు వెడల్పు ఎలా తేలుస్తారు?

గంటకు 4,000 టన్నులు, ఘనపు మీటరుకు 0.8 టన్ను అంటే 5,000 ఘనపు మీటర్లు, సెకనుకు 1.39. బెల్టు సెకనుకు 4 మీటర్లు పోతే బెల్టు మీద బొగ్గుకు 0.35 చదరపు మీటర్ల అడ్డుకోత కావాలి. 35 డిగ్రీల ద్రోణి ఐడ్లర్లతో (బెల్టును మోసే రోలర్లతో) 1,800 మిల్లీమీటర్ల బెల్టు దానికి తగినది. పరిమాణానికి తేలిక సాంద్రత, బరువు భరించే నిర్మాణానికి బరువైన సాంద్రత తీసుకోవాలి, రెంటికీ ఒకటే అంకె వాడకూడదు. వివరాలకు భారత ప్రమాణం ఐఎస్ 11592 చూడండి.

అసలు కష్టం వేరేచోట ఉంది. ఈ బెల్టు మీద మీటరుకు 278 కిలోల బొగ్గు ఉంటుంది. యార్డు నుంచి లోడర్ దాకా 2 కిలోమీటర్లయితే దారిలోనే 555 టన్నులు. ఓడ మీద నుంచి "ఆపండి" అని వైర్‌లెస్‌లో అరిచేసరికి ఆ 555 టన్నులు బయల్దేరి ఉంటాయి, చేరడానికి ఎనిమిది నిమిషాల పైనే పడుతుంది. కాబట్టి గది మారడానికి ఎనిమిది నిమిషాల ముందే రీక్లెయిమర్‌ను ఆపాలి, లేదా జెట్టీ మొదట్లో సర్జ్ బిన్ కట్టి అక్కడ పట్టుకోవాలి. నిండు బెల్టును అలాగే ఆపేస్తే మళ్లీ కదిలించడానికి మోటార్లకు అదనపు బలం ఉండాలి, ఒక్కసారిగా లాగితే బెల్టు అతుకు తెగొచ్చు. బిన్ అనవసర ఖర్చు అని డిజైన్ సమీక్షల్లో కొట్టేస్తుంటారు. నేనైతే చివరిదాకా దాని కోసం వాదిస్తాను.

జంక్షన్ టవర్ల దగ్గరే ఎందుకు ఎక్కువ సమస్యలు?

బొగ్గు అక్కడ పడుతుంది, మలుపు తిరుగుతుంది, గాలిని వెంట లాక్కొస్తుంది. ఎండాకాలంలో దుమ్ము, వానల్లో అంటుకోవడం. మన జిల్లాలకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఆ మూడు నెలలూ తడిసిన నుసి చ్యూట్ (బొగ్గు ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి జారే గొట్టం) గోడలకు పేరుకుని గట్టిపడుతుంది. చ్యూట్ వాలు తక్కువైతే పూడిపోతుంది, వెనక బెల్టు ఇంకా పోస్తూనే ఉంటే నిమిషాల్లో టవర్ అంతస్తు నిండిపోతుంది. నిటారు గోడలు, జారే లైనర్లు, పూడిక పసిగట్టే స్విచ్, మనిషి నిలబడి శుభ్రం చేయగల తలుపు, ఈ నాలుగూ డ్రాయింగులోనే ఉండాలి. సాధ్యమైతే టవర్ల సంఖ్యే తగ్గించండి. లేఅవుట్‌లో ఒక మలుపు తీసేస్తే పాతికేళ్ల పారపని తప్పుతుంది.

"ఆటోమేటెడ్" అంటే నిజంగా ఏం చేస్తుంది?

బెల్టులు వరసగా మొదలవడం, ఆగడం ఎప్పటి నుంచో పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటరు) చేస్తున్న పనే. ఓడ వైపు బెల్టు ముందు మొదలవ్వాలి, వెనకది తర్వాత. ముందున్నది ఆగితే వెనకవన్నీ తక్షణం ఆగాలి. కొత్తదనం యార్డులోని యంత్రాల్లో ఉంది.

రీక్లెయిమర్‌ను చూడండి. యంత్రం పట్టాల మీద ఒక అడుగు ముందుకు జరిగి, బూమ్‌ను (పొడవాటి చేతిని) ఇటు నుంచి అటు తిప్పుతూ ఒక పొర కోస్తుంది. బూమ్ పట్టాల దిశలో ఉన్నప్పుడు పొర మందంగా ఉంటుంది, పక్కకు తిరిగేకొద్దీ పలచబడుతుంది, ఆ కోణం కొసైన్ ప్రకారం. 60 డిగ్రీల దగ్గర మందం సగమే. ధార ఒకేలా ఉండాలంటే అక్కడ రెట్టింపు వేగంతో తిప్పాలి. అనుభవమున్న ఆపరేటరు దీన్ని చేతి అలవాటుగా చేస్తాడు, కానీ రాత్రి మూడు గంటలకు ఎవరికైనా అలసట వస్తుంది. కంప్యూటరు కోణాన్ని బట్టి వేగం మారుస్తూ, బకెట్ మోటారు తీసుకునే కరెంటు, బెల్టు తూకం చూసుకుంటూ సరిదిద్దుతుంది. లేజర్ స్కానరు రాశి ఆకారాన్ని ఎప్పటికప్పుడు గీస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ అంచో అదే చెబుతుంది. ఉపగ్రహ స్థాన సూచికలు రెండు బూమ్‌లు ఢీకొనకుండా చూస్తాయి. ఢీ నివారణకు, అత్యవసర ఆపుకు మాత్రం వేరే సేఫ్టీ పీఎల్‌సీ, వేరే వైరింగు ఉండాలి. మామూలు నియంత్రణ ఆగిపోయినా అవి పనిచేయాలి.

షిప్‌లోడర్ దగ్గర చాలా టెర్మినళ్లు ఇంకా మనిషినే ఉంచుతున్నాయి. ఓడ అలలకు కదులుతుంది, నిండేకొద్దీ దిగుతుంది, ఆటుపోట్లకు లేచి దిగుతుంది, పక్కన మనుషులు తిరుగుతుంటారు.

అయితే ఆపరేటర్ల ఉద్యోగాలు పోతాయా?

క్యాబిన్‌లో కూర్చునే ఉద్యోగాలు తగ్గుతాయి, దాచడానికేం లేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్, డ్రైవుల మరమ్మతు, బెల్టు అతుకులు వేసే పనులు పెరుగుతాయి. స్థానిక ఐటీఐ పిల్లలకు ఆ శిక్షణ ముందే ఇస్తేనే అవి మన ఊళ్లకు వస్తాయి, లేకపోతే బయటి వాళ్లకు పోతాయి. కట్టడం మొదలైన రోజే శిక్షణ మొదలవ్వాలి.

కన్వేయర్ దగ్గర పనికి వెళ్తున్నాను. ఏది ముందు తెలుసుకోవాలి?

తిరిగే బెల్టును ఊడ్వకండి, దాని కింద పార పెట్టకండి. టెయిల్ పుల్లీ (బెల్టు వెనక చివరి చక్రం), రిటర్న్ ఐడ్లర్ (కింద తిరిగొచ్చే బెల్టును మోసే రోలర్) దగ్గర బెల్టు చేతిని లాక్కునే వేగానికి మనిషి స్పందించలేడు. పుల్ కార్డ్ తాడు ఎటు పక్కన ఉందో, అది లాగితే నిజంగా ఆగుతుందో మొదటి రోజే చూడండి. మరమ్మతుకు ముందు కరెంటు తీసి మీ తాళం మీరే వేసుకోండి, తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. ఆటోమేటెడ్ ప్లాంటులో ఇది ఇంకా ముఖ్యం. బెల్టును మొదలుపెట్టేది కిలోమీటరు దూరంలో తెర ముందు కూర్చున్న మనిషి, అతనికి మీరు కనిపించరు.

ఓడను నింపడంలో వరస ఎందుకు?

ఒకే గదిలో పోసుకుంటూ పోతే ఓడ నడుం విరుగుతుంది. ఏ గదిలో ఎన్ని టన్నులు, ఏ క్రమంలో అనేది ఓడ చీఫ్ ఆఫీసరు ముందే రాసిస్తాడు, టెర్మినల్ ఒప్పుకుని సంతకం పెడుతుంది. ఖాళీ ఓడ నిలకడ కోసం నింపుకున్న బ్యాలస్ట్ నీళ్లతో వస్తుంది. మనం పోసే వేగానికి తగ్గట్టు ఆ నీళ్లు తోడెయ్యాలి. ఓడ పంపులు నిదానమైతే మన 4,000 టన్నుల లోడర్ ఆగి చూడాల్సిందే. చివరి కొద్ది వేల టన్నులు ట్రిమ్మింగ్ (ఓడ సమంగా నిలిచేలా సరిచేయడం) కోసం ఉంచి, ముందూ వెనకా డ్రాఫ్టు చూసి పోస్తారు. పనామాక్స్ కంటే పెద్దదైన కేప్‌సైజ్ ఓడ నిండితే 18 మీటర్ల దాకా దిగుతుంది కాబట్టి లోతైన కాలువ లేని రేవుల్లో ఆ లెక్కే వేరు.

బొగ్గు తేమ గురించి ఓడ వాళ్లు ఎందుకంత పట్టుబడతారు?

నుసి ఎక్కువున్న తడి బొగ్గు ఓడ ఊగిసలాటకు బురదలా ద్రవించి ఒక పక్కకు జరగగలదు. ఓడ ఒరిగిపోతుంది. విడిగా పోసే ఘన సరుకుల ఓడ రవాణాకు అంతర్జాతీయ నియమావళి అయిన ఐఎంఎస్‌బీసీ కోడ్ 2011 జనవరి 1 నుంచి తప్పనిసరి. అలాంటి సరుకుకు రవాణా తేమ పరిమితి పరీక్ష చేయించి, తేమ అంతకు లోపే ఉందని కాగితం ఇవ్వాలి. 55 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన బొగ్గును ఎక్కించకూడదని కూడా అందులో ఉంది. నవంబరు వానల్లో యార్డు డ్రైనేజీ బాగోలేకపోతే ఓడ వచ్చాక పరీక్ష తప్పుతుంది, అప్పుడు చేయగలిగేదేమీ ఉండదు.

బొగ్గు దానంతటదే ఎందుకు అంటుకుంటుంది?

గాలిలో ఆక్సిజన్‌తో మెల్లగా చర్య జరిగి వేడి పుడుతుంది, రాశి లోపల అది బయటికి పోలేదు. తక్కువ రకం బొగ్గుకు ఈ గుణం ఎక్కువ. పొరలుగా పోసి అదమడం, పాతది ముందు తీయడం, ఉష్ణోగ్రత కెమెరాతో రోజూ చూడడం మందు. పొగ వచ్చిన చోట ఊరికే పైన నీళ్లు చల్లితే లోపలి నిప్పు ఆరదు. ఆ భాగం తవ్వి పరిచి చల్లార్చాలి, ఎర్రగా ఉన్నదాన్ని బెల్టు మీద వేయకూడదు.

తుపానుకు డిజైన్‌లో ఏం చేస్తారు?

గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. 2015 సవరణలో తీరానికి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక నిర్మాణాలకు 1.15 గుణకం వచ్చింది. వేగం 15 శాతం పెరిగితే ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల దగ్గర నుంచి 200 కిలోల దగ్గరికి వెళ్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసిన పెద్దలకు ఈ అంకెలు ఎందుకో చెప్పక్కర్లేదు.

యంత్రాలు మామూలుగా సెకనుకు 20 మీటర్ల గాలికి పని ఆపేస్తాయి. ఆ తర్వాత వాటిని పార్కింగు స్థానానికి నడిపి, పిన్ను దించి, నేలకు టై డౌన్‌లు బిగించాలి. ఆ స్థానాలు యార్డుకు ఒక్క చివరే ఉంటే, గాలి మొదలయ్యాక కిలోమీటరు నడపలేరు. రెండు మూడు చోట్ల కట్టమనండి. కరెంటు పోయినా నడవడానికి డీజిల్ జనరేటరు ఉండాలి. తుపాను వచ్చే ముందే సరఫరా తీసేస్తారు కదా.

దుమ్ము మా ఇళ్ల మీద పడుతోంది. డిజైన్‌తో ఆపగలరా?

పూర్తిగా కాదు. కానీ చాలా వరకు ఆపొచ్చు, ఆ ఖర్చు మొత్తం ప్రాజెక్టులో చిన్నదే. మూసిన కన్వేయర్లు, టవర్లలో పొగమంచులా చల్లే నాజిల్స్, యార్డు చుట్టూ నీటి ఫిరంగులు, గాలి తెరలు, లారీ చక్రాలు కడిగే గుంట. రాశి మీదికి స్టాకర్ ఎంత ఎత్తు నుంచి పోస్తోందో కూడా ముఖ్యం, ఆటోమేటిక్ యంత్రం బూమ్‌ను రాశి కొనకు దగ్గరగా ఉంచగలదు. నా ఉద్దేశంలో దుమ్ము నియంత్రణ ఆగిపోతే బెల్టు కూడా ఆగేలా ఇంటర్‌లాక్ ఉండాలి. అప్పుడే నాజిల్ పూడిపోయిన సంగతి ఎవరైనా పట్టించుకుంటారు. గాలిలో పీఎం 10 అనే సన్నటి ధూళికి జాతీయ ప్రమాణం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నటి పీఎం 2.5కు 60.

ప్రజాభిప్రాయ సేకరణలో మేం ఏం అడగాలి?

2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 50 లక్షల టన్నులు, ఆపైన సరుకు నడిపే రేవు కేటగిరీ ఏ, అంటే కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన రకం. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ముందే తెచ్చుకుని చదవండి. సభలో ఇవి అడగండి: దుమ్ము చల్లడానికి నీళ్లు ఎక్కడివి, మన బోర్ల నీళ్లా? గాలి కొలిచే యంత్రాలు ఊరి వైపు ఉన్నాయా, రేవు లోపలేనా, వాటి అంకెలు అందరికీ కనిపించేలా బోర్డు పెడతారా? యార్డు చుట్టూ కాలవల్లో చేరే నల్లనీళ్లకు తేర్పు చెరువు ఎంత వానకు కట్టారు, నవంబరు తుపాను వాన లెక్కలో ఉందా, పొర్లితే ఏ క్రీకులోకి, ఏ రొయ్యల చెరువుల వైపు పోతుంది? ఇచ్చిన జవాబు మినిట్స్‌లో రాశారో లేదో అక్కడే చదివించుకోండి.